కుళాయీ, కౌన్సిలూ

ఎన్నికల ఫలితాల పట్టికను కూడా ఒక రచనను చదివినట్టే చదవాలని నేననుకుంటాను. అందులోనూ చెప్పిన మాట ఒకటి వుంటుంది, మింగిన మాట ఒకటి వుంటుంది. కావ్యాల మీద మన విమర్శకులు చూపిన శ్రద్ధలో పదో వంతైనా ఈ పట్టికల మీద చూపలేదు. పత్రికల వాళ్లు వాటిని గెలుపు ఓటముల లెక్కగా అచ్చువేసి మరునాటికి మరిచిపోతారు. పార్టీల వాళ్లు తమకు పనికొచ్చే పంక్తి చదువుకుని తక్కింది వదిలేస్తారు. ఓటు వేసినవాడు మాత్రం అసలు చదవడు. తాను రాసిందే గదా, మళ్లీ చదవడమెందుకని కాబోలు.

నేను రాసిన పట్టిక ఒకటి వుంది. వేలాది మందితో కలిసి రాశాను, అందులో నా వాటా ఒక్క ఓటు. ఆ ఒక్క ఓటు గురించే నాకింకా మనసు కుదుట పడలేదు. అందుకే ఈ వ్యాసం.

2021 మార్చి 10, బుధవారం నాడు పలాస–కాశీబుగ్గ పురపాలక సంఘానికి పోలింగు జరిగింది. 14వ తేదీ ఆదివారం లెక్కించారు. మొత్తం 31 వార్డులు. వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 23, తెలుగుదేశానికి 8. మధ్యాహ్నానికే తేలిపోయింది. టపాకాయలు కాల్చేవాళ్లు కాల్చారు, తలుపులు వేసుకునేవాళ్లు వేసుకున్నారు. లెక్కింపు కేంద్రానికి కాస్త ఎడంగా, ఒక టీ దుకాణం రేకు నీడన నిలబడి నేను ఆ అంకెలు ఒక్కొక్కటీ కాగితం మీద రాసుకున్నాను. ముప్పయ్యేళ్లు టెక్కలిలో పిల్లలకు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. మార్కులు వేసే అలవాటు అంత తొందరగా పోదు.

ఆ ఎన్నికకు చిన్న పూర్వకథ వుంది. 2020 మార్చిలో నామినేషన్లు వేసిన దశలో కరోనా వచ్చి దాన్ని ఆపేసింది. ఏడాది గడిచాక, ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టారు. ఏడాది కిందట నామినేషన్ వేసినప్పుడు వున్న మనుషులు ఓటింగునాటికి కొందరు లేరు. కొన్ని పట్టణాల్లో అసలు ఓటింగే లేకపోయింది. మాచర్ల, పుంగనూరు, పులివెందులల్లో వార్డులన్నీ ఏకగ్రీవమయ్యాయి. ఏకగ్రీవమనే మాట వినడానికి ఎంతో మధురంగా వుంటుంది. ఊరంతా ఒకే గొంతుతో పాడినట్టు. కాని అందరూ ఒకేసారి నోరు మూసుకున్నా వినేవాడికి అంతే ఐకమత్యంగా వుంటుందని మనం గమనించాలి.

మా ఊళ్లో అలా కాలేదు. పోటీ జరిగింది, ఓట్లు పడ్డాయి, కాగితం ఓట్లు కట్టలు కట్టి లెక్కపెట్టారు. కనుక ఈ పట్టిక నిజమైన పట్టికే. దాన్ని చదవవచ్చు.

నేను లెక్క రాసుకుంటుండగా జీడి బట్టీ నుంచి వస్తున్న ఒకామె నా పక్కన ఆగింది. పలాస జీడిపప్పు దేశమంతా తింటుంది గాని, ఆ పిక్క కొట్టి, పొట్టు తీసే ఆడవాళ్ల చేతులు దేశం చూడలేదు. జీడి కారి కారి వేళ్లు నల్లబడి, సబ్బుకు లొంగవు. ఆమె నా కాగితం వైపు చూసి, "మా వార్డు సెప్పేసినారా, బాబూ?" అని అడిగింది. చెప్పాను. "అలగేటి" అని, కొంగుతో మెడ తుడుచుకుని వెళ్లిపోయింది. సంతోషమో విచారమో ఆ మాటలో నాకు దొరకలేదు. ఆమె కూలి రేటు మాట కౌన్సిలులో చర్చకు రాదు. ఆమె తాగే నీటి మాట వచ్చినా కౌన్సిలు చేతిలో లేదు. ఐనా ఆగి అడిగింది. ఈ ఆగి అడగడంలోనే మన ప్రజాస్వామ్యపు ప్రాణం కొంత నిలిచి వుందని నాకు తోచింది.

ఇక నా ఓటు సంగతి.

నేను కాశీబుగ్గలో వుంటున్నా నా పుట్టుక వుద్దానం. వజ్రపుకొత్తూరు వైపు, సముద్రపు హోరు రాత్రిపూట వినిపించే ఊరు. కొబ్బరి, జీడిమామిడి, పనస ఆకాశం కనపడనీయకుండా అల్లుకుని వుండేవి. ఉద్యానవనం కనుక వుద్దానం అయిందని పెద్దలు చెబుతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ వనాన్ని ఒక్క తెల్లవారుజామున పడుకోబెట్టింది. ఐతే వుద్దానం పేరు బయటివాళ్లకు తెలిసింది తోటల వల్లా కాదు, తుపాను వల్లా కాదు. మూత్రపిండాల జబ్బు వల్ల. రెండు మూడు దశాబ్దాలుగా ఎందరో వైద్యులు వచ్చారు, రక్తం తీశారు, నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. ఇదీ కారణమని తేల్చి చెప్పినవారు లేరు. కారణం తేలకపోయినా అనుమానం మాత్రం జనం మనసుల్లో బావి నీటి మీదనే నిలిచింది.

మా అప్ప ఆ ఊళ్లోనే వుంటుంది. బావ పోయాడు. వారానికి మూడుసార్లు ఆటోలో పలాస ప్రభుత్వాసుపత్రికి వచ్చి యంత్రానికి చెయ్యి ఇచ్చి నాలుగు గంటలు పడుకుంటుంది. ఒక్కసారి రక్తం కడగడానికి ఆ యంత్రానికి సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఈ సంగతి అక్కడి టెక్నీషియన్ కుర్రవాడు చెప్పినప్పుడు అప్ప నవ్వింది. "ఇంటికాడ తాగనీకి బిందెడు మంచి నీరు నేదు గాని, ఈడ నా కోసరం ఇన్ని బిందెలు పోస్తన్నారట్రా" అంది.

2019 సెప్టెంబరు 6న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహనరెడ్డి పలాస వచ్చి 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా వుద్దానానికి తెచ్చే పథకం కూడా ఆనాటి వాగ్దానమే. దాని అంచనా 700 కోట్ల రూపాయలు. డయాలిసిస్ చేయించుకునేవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఆ ఏడాదే మొదలైంది. ఊళ్లలో 50 ఇళ్లకొకరు చొప్పున వలంటీర్లు వుండేవారు. ఒకటో తేదీన ఒక కుర్రవాడు అప్ప గుమ్మం దగ్గరకు వచ్చి ఆ డబ్బు చేతిలో పెట్టి వెళ్లేవాడు.

2021 మార్చిలో నేను ఓటు వేసేనాటికి ఆసుపత్రి గోడలు లేస్తున్నాయి, గొట్టాలు ఇంకా రాలేదు. మా వార్డులో ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన అధికార పక్షం. రెండో ఆయన వీధి దీపం పోయినా, కాలువ పొంగినా వచ్చి నిలబడే మనిషి. మునిసిపల్ కౌన్సిలరుగా ఎవరు తగినవారో మా వీధిలో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. బ్యాలెట్ కాగితం విప్పి, ముద్ర పట్టుకుని, నేను మొదటాయనకు వేశాను. అధికార పక్షాన్ని నా వార్డులో ఓడిస్తే గొట్టాల పని ఒక్క రోజైనా ఆలస్యమవుతుందేమోనని భయపడ్డాను. అప్పకు ఆ ఒక్క రోజు కూడా లెక్కే.

ఈ భయంలో తర్కం లేదని నాకు తెలుసు. అప్ప ఊరు పంచాయతీ. పురపాలక సంఘంతో దానికి సంబంధం లేదు. గొట్టాల పథకం రాష్ట్ర ప్రభుత్వానిది. నా వార్డు కౌన్సిలరు ఎవరైనా ఆ నీటి బొట్టును ముందుకూ తోయలేడు, వెనక్కూ లాగలేడు. ఓటు విలువ గురించి తరగతిలో ముప్పయ్యేళ్లు పాఠం చెప్పినవాడు చివరికి కుళాయి ఎవరి చేతిలో వుందో చూసి ఓటు వేశాడు. డబ్బు తీసుకుని వేసినవాణ్ణి నేనెన్నోసార్లు నిందించాను. వాడు కనీసం ముందుగానే పుచ్చుకున్నాడు.

ఇది నా ఒక్కడి కథే ఐతే రాసే పని లేదు. ఆ విడత రాష్ట్రంలో ఎన్నికలు పెట్టిన 75 పురపాలక సంఘాలు, నగర పంచాయతీల్లో తెలుగుదేశానికి అధ్యక్ష పీఠం దక్కింది తాడిపత్రిలో మాత్రమే. అక్కడి 36 వార్డుల్లో ఆ పార్టీకి 18, వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 16, ఒకటి కమ్యూనిస్టుకు, ఒకటి స్వతంత్రుడికి. మైదుకూరులో 24కి 12 వార్డులు తెలుగుదేశం గెలిచినా, 11 గెలిచిన పక్షానికే పీఠం వెళ్లింది. చైర్మన్ ఎన్నికలో శాసనసభ్యుడికీ, పార్లమెంటు సభ్యుడికీ కూడా ఓటు వుంటుంది. వీటిని మినహాయిస్తే సముద్రతీరం నుంచి రాయలసీమ దాకా ఒకటే గాలి. ఒక్కో ఊరికి ఒక్కో బాధ వుండగా ఊళ్లన్నీ ఒకే మాట ఎలా అన్నాయి? ఒక ఊరిది మురుగు, ఒక ఊరిది దుమ్ము, ఒక ఊరిది ఇంటి పట్టా. ఇచ్ఛాపురానికీ ఇందూపురానికీ ఒకే రోగం వుండదు.

నాకు తోచిన జవాబు ఇది. ఊరు తన సంగతి మాట్లాడలేదు. తన సంగతి తీర్చే శక్తి తన కౌన్సిలుకు లేదని ఊరికి తెలుసు. 1992లో రాజ్యాంగానికి 74వ సవరణ చేసి, 12వ షెడ్యూలులో 18 విషయాలు పట్టణ సంస్థలకు అప్పగించవచ్చునన్నారు. నీటి సరఫరా వాటిలో ఒకటి. అప్పగించవచ్చుననడానికీ అప్పగించడానికీ మధ్య ఎంత దూరం వుందో మన రాష్ట్రంలో వచ్చిన ప్రభుత్వాలన్నీ చూపించాయి. ఆస్తి పన్నును ఇంటి మూలధన విలువ మీద వేయాలని 2020 నవంబరులో నిర్ణయించింది రాష్ట్రం. అప్పటికి ఎన్నికైన కౌన్సిళ్లే లేవు. తర్వాత చాలా పట్టణాల్లో చెత్తకు రుసుము పెట్టిందీ రాష్ట్రమే, 2024లో ప్రభుత్వం మారాక తీసేసిందీ రాష్ట్రమే. తిట్లు తిన్నది మాత్రం వార్డు కౌన్సిలరు. కమిషనరును పంపేది రాష్ట్రం. పింఛను తెచ్చింది వలంటీరు. మరి కౌన్సిలరు దేనికి? పెళ్లి పందిట్లో ముందు వరస కుర్చీకి. ఈ సంగతి తెలిసిన ఓటరు కౌన్సిలరును ఎన్నుకోలేదు, కుళాయి వున్న చేతికి నమస్కారం పెట్టాడు. ఆ 23లో ఎన్ని ఓట్లు ఇష్టానివో, ఎన్ని నావంటి నమస్కారాలో పట్టిక చెప్పదు. అది మింగిన మాట అదే.

ఇలా అనుకుని ఊరుకునేవాణ్ణే. 2023 మేలో ఇంగ్లండు నుంచి మేనల్లుడు ఫోను చేయకపోయి వుంటే ఈ ఆలోచన అక్కడే ఆగిపోయేది.

అప్ప కొడుకు చదువు కోసం లెస్టర్ వెళ్లి, అక్కడే చిన్న వుద్యోగంలో కుదురుకున్నాడు. "మావయ్యా, నేను ఇక్కడ మునిసిపాలిటీకి ఓటేశాను" అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ దేశంలో చట్టబద్ధంగా నివసించే కామన్వెల్తు దేశాల పౌరులకు ఓటు హక్కు వుందట. మన వలస కూలీ చెన్నైలోనో హైదరాబాదులోనో ఇరవయ్యేళ్లు ఇటుకలు మోసినా అతని ఓటు వుద్దానంలోనే ఎండిపోతుంది. పోలింగునాడు రానూపోనూ ఛార్జీలు ఎవరు పెట్టుకుంటే వారి బస్సు ఎక్కి వస్తాడు. వీడు రెండేళ్ల కిందట వెళ్లి, పరాయి దేశపు నగర సభకు సభ్యుణ్ణి ఎన్నుకుంటున్నాడు. మే 4వ తేదీ గురువారం నాడు ఒక బడిలో పోలింగు. ఫొటో వున్న గుర్తింపు పత్రం చూపించాలనే నిబంధన ఇంగ్లండులో ఆ ఏడాదే కొత్తగా వచ్చిందట. వీడు మన పాస్‌పోర్టు చూపించాడు. కాగితం ఇచ్చారు, దారంతో కట్టిన పెన్సిలుతో గుణకారం గుర్తు పెట్టి పెట్టెలో వేశాడు. "పెన్సిలా?" అని నేను మూడుసార్లు అడిగాను. పెన్సిలే.

ఫలితాలు వచ్చాక వాడే చదివి వినిపించాడు. లెస్టర్ నగర సభలో 54 స్థానాలు. 2019లో వాటిలో 53 లేబర్ పార్టీవి. ఒక్కటి లిబరల్ డెమొక్రాట్లది. 53 అనే అంకె విని నాకు మన ఏకగ్రీవాలు గుర్తుకొచ్చాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవాడిదే సీటు అనే ఈ పద్ధతి మనకు వాళ్లు నేర్పిందే. ఊళ్లో సగానికి కాస్త అటూ ఇటూ వున్న మొగ్గును సభలో నూటికి తొంభై ఎనిమిదిగా చూపించడం దాని విద్య. సరే, 2023 సంగతి. లేబర్ 31కి దిగిపోయింది. కన్సర్వేటివులకు 17, లిబరల్ డెమొక్రాట్లకు 3, గ్రీన్ పార్టీకి 3. మేయరుగా మాత్రం లేబర్ మనిషి పీటర్ సోల్స్‌బీ మళ్లీ నెగ్గారు.

ఇందులో వింత ఏమిటంటే, అదే రోజు ఇంగ్లండంతటా గాలి అటు వీచింది. కన్సర్వేటివులు దేశం మొత్తం మీద వెయ్యికి పైగా స్థానాలు పోగొట్టుకున్నారు. లేబర్ ఐదువందలకు పైగా కొత్తగా గెలుచుకుంది. దేశమంతా చెట్లు ఒక పక్కకు వంగితే లెస్టర్ చెట్టు ఎదురు వంగింది. ఊరి సొంత తగాదాలే దానికి కారణం. ఎన్నికకు ముందు లేబర్ 19 మంది సిటింగు సభ్యులకు టిక్కెట్లు నిరాకరించింది. వారిలో ఎక్కువ మంది ఆసియా, ఆఫ్రికా మూలాలున్నవారు. పైవాళ్లు కూర్చుని మా మనుషుల్ని తీసేశారన్న కోపం వీధుల్లోకి వచ్చింది. దీనికి తోడు 2022 సెప్టెంబరులో ఆ నగరంలో హిందూ ముస్లిం యువకుల మధ్య జరిగిన అల్లర్ల గాయం ఇంకా మానలేదు. కనుక ఆ ఎదురు వంగడమంతా పౌరచైతన్యమని నేను పొంగిపోవడం లేదు. మతం పేర ఓట్లు కూడగట్టడం అక్కడా జరిగింది. మనవాళ్లు కులాన్ని ఓడెక్కించి తీసుకెళ్లినట్టే మతాన్నీ తీసుకెళ్లారు. ఐనా ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ పట్టికలో లెస్టర్ కనపడుతుంది. మంచి గాని చెడు గాని, అది లెస్టర్ మాట. మా పట్టికలో పలాస కనపడదు. దాని మీద పలాస పేరు తీసి మరో ఊరి పేరు పెట్టినా చదివేవాడికి తేడా తెలియదు.

ఆ రోజు ఫోను స్పీకరులో పెట్టి వున్నాం. అప్ప డయాలిసిస్ ముగించుకుని మా ఇంట్లో నడుం వాల్చింది. ఇంతసేపూ విని, కొడుకును ఒక్క ప్రశ్న అడిగింది. "అదంతా ఉండనీరా. నీకాడ కుళాయి నీరు ఆ మునిసిపాలిటీవోళ్లే ఇస్తారేటి?"

వాడు కాసేపు తటపటాయించి, "లేదమ్మా, నీళ్లు కంపెనీవి. బిల్లు కంపెనీకే కడతాం" అన్నాడు.

"మరెందుకురా ఓటు?" అంది అప్ప.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను కొన్నాళ్లు బర్మింగ్‌హాం నగర చరిత్ర చదివాను. లెస్టరుకు అది పొరుగు పెద్ద నగరం. 1873లో జోసెఫ్ చేంబర్లెన్ అనే మరమేకుల వ్యాపారి అక్కడ మేయరయ్యాడు. మూడేళ్లు తిరగకముందే గ్యాసు కంపెనీలనూ, నీటి కంపెనీనీ నగర సభ చేత కొనిపించాడు. నీరు లాభానికి అమ్మే సరుకు కాకూడదని వాదించాడు. ఆ తర్వాత నగరం 1892లో పార్లమెంటు చేత చట్టం చేయించుకుని, వేల్సు కొండల్లో ఎలాన్ లోయకు ఆనకట్టలు కట్టి, 118 కిలోమీటర్ల దూరం పంపులు లేకుండా వాలు మీదనే నీరు తెచ్చుకుంది. 1904లో ఆ నీరు ఊరు చేరింది. ఒక పురపాలక సంఘం చేసిన పని ఇది. రాజూ చేయలేదు, మంత్రీ చేయలేదు. రిబ్బను కత్తిరించడానికి మాత్రం రాజు వచ్చాడు.

ఈ కథను నేను ఆదర్శంగా చెప్పడం లేదు. ఎలాన్ లోయలో వంద మంది దాకా ఇళ్లు వదిలి పోయారు. పరిహారం భూస్వాములకు అందింది, కౌలుదార్లకు అందలేదు. మన హిరమండలం జలాశయం కింద ఊళ్లు పోగొట్టుకున్న వంశధార నిర్వాసితులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒకరి కుళాయిలోకి వచ్చే నీరు మరొకరి పొయ్యి మీదుగా పారి వస్తుంది. చేంబర్లెన్ మహాశయుడు కూడా ఊరికి నీళ్లు, దీపాలు ఇచ్చి, తర్వాత వలసల మంత్రియై దక్షిణాఫ్రికా మీద యుద్ధానికి దిగినవాడే. తన ఊరికి స్వపరిపాలన, పరాయి దేశానికి ఫిరంగి. వాళ్ల ప్రతినిధి రిప్పన్ ప్రభువు 1882లో మనకు స్థానిక స్వపరిపాలన తీర్మానం ప్రసాదిస్తూ, ఇది ప్రజలకు రాజకీయ విద్య నేర్పడానికని చెప్పాడు. నూట నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా అదే బడిలో వున్నాం. పరీక్షలు పెడుతూనే వున్నారు, పై తరగతికి మాత్రం పంపడం లేదు.

ఆ బర్మింగ్‌హాం నీటి గతి తర్వాత ఏమైంది? 1974లో దాన్ని నగర సభ చేతిలోంచి తీసి ప్రాంతీయ సంస్థకు ఇచ్చారు. 1989లో ఆ సంస్థను కంపెనీగా మార్చి వాటాలు అమ్మారు. మా మేనల్లుడు లెస్టరులో బిల్లు కట్టేదీ ఆ కంపెనీకే. ఇక ఆ నగర సభ 2023 సెప్టెంబరులో, తప్పనిసరి ఖర్చులు తప్ప మరేమీ పెట్టలేమని చేతులెత్తేసింది. ఆడవాళ్లకు సమాన జీతం చెల్లించని పాత బాకీలు, దారి తప్పిన కంప్యూటరు వ్యవస్థ దాని నడుం విరిచాయి. ఒకనాడు లోకానికి పాఠం చెప్పిన సభ అది. కుళాయి చేజారిన ఊరికి ఓటు మిగిలింది. ఆ ఓటుతో తమ పార్టీని దండించడం మాత్రం లెస్టరు వాళ్లు మరిచిపోలేదు. మాకు కుళాయి ఎన్నడూ చేతిలో లేదు. దండించడం కూడా మేము ఎక్కడో పైవాడి కోసం దాచిపెట్టుకుంటాం.

దాచిపెట్టుకుంటామనడానికి సాక్ష్యం వుంది. 2023 డిసెంబరు 14న ముఖ్యమంత్రి పలాస వచ్చి ఆసుపత్రినీ, వంశధార నీటి పథకాన్నీ ప్రారంభించారు. వాగ్దానం చేసిన నాలుగేళ్లకు. నీరు వచ్చింది. ఆరు నెలలు తిరక్కుండానే, 2024 జూన్ 4న పలాస శాసనసభ స్థానం ఫలితం వచ్చింది. అప్పటి మంత్రి సీదిరి అప్పలరాజు ఓడిపోయారు. తెలుగుదేశం అభ్యర్థి గౌతు శిరీష గెలిచారు. 2021లో 31కి 23 ఇచ్చిన ఊరు కూడా ఆ నియోజకవర్గంలోదే. నీటి కోసం నమస్కారం పెట్టిన చెయ్యే నీరు వచ్చాక లేచింది. కృతఘ్నత అన్నారు కొందరు. నేను అనను. నమస్కారం బాకీ తీరినవాడికి ఓటు తిరిగి సొంతమవుతుంది. తీరం వెంబడి మా జనానికి తిరగబడడం రాక కాదు. 1940లో మందస జమీందారుకు ఎదురు నిలిచి పోలీసు తూటాకు ఒరిగిన వీర గున్నమ్మ ఈ నేల మనిషే. అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగిందీ ఆ ఏడాదే, పలాసలోనే. 2010లో సోంపేట బీల కోసం, 2011లో కాకరాపల్లి కోసం తూటాలకు ఎదురు నిలిచిందీ ఈ తీరమే. ఆ రెండు సందర్భాల్లోనూ మా వాళ్లు తమ ఊరి మాటే మాట్లాడారు. బ్యాలెట్ పెట్టె దగ్గర మాత్రం ఆ మాట మాకు రాదు.

ఇక సభ్యుల సంగతి. ఓటరు పైగాలికి వంగితే తప్పు పట్టేవాళ్లు, గెలిచినవాడు వంగితే ఏమంటారు? విశాఖ మహానగర సభలో 98 స్థానాలు. 2021లో వాటిలో 58 వై.ఎస్.ఆర్. కాంగ్రెసువి. నాలుగేళ్లు గడిచి, రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2025 ఏప్రిల్ 19న అదే సభ తన మేయరు మీద అవిశ్వాస తీర్మానం నెగ్గించింది. వార్డులు మారలేదు, ఓటర్లను మళ్లీ అడగలేదు. 2021 నాటి ఆ పట్టికను వేలాది మంది కలిసి రాశారు. దాన్ని కొద్దిమంది కూర్చుని దిద్దేశారు. నా దగ్గర కాగితం మీద రాసుకున్న 23–8 ఇంకా వుంది. దాన్ని దిద్దే ధైర్యం నాకు లేదు.

2024 ఎన్నిక అయిన కొన్నాళ్లకు ఊరు వెళ్లాను. అప్ప గుమ్మంలో కూర్చుని వుంది. వీధి కుళాయికి నీరు వస్తోంది. లోటాతో పట్టి నాకిచ్చింది. తాగాను. బావి నీటి వుప్పు నాలుకకు అలవాటైపోయిందేమో, చప్పగా తోచింది.

"ఇదేనేటి నువ్వు ఓటేసిన నీరు?" అని నవ్వింది. 2021 సంగతి ఆమెకు చెప్పింది నేనే. చెప్పకుండా వుండలేకపోయాను.

"నువ్వీసారి ఎవులికేసినావప్పా?" అని అడిగాను. నీరు వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, నెల నెలా పింఛను వచ్చింది. ఆమె ఎటు వేసి వుంటుందో తెలుసుకోవాలని నాకు నిజంగానే వుంది.

లోటా బోర్లించి గట్టు మీద పెట్టింది.

"నువ్వు సెప్పినావని నానూ సెప్పాలేటిరా?" అంది.